పన్నెండో కన్నం

పాతపట్నానికి పైన, ఒడిశా సరిహద్దుకు ఇవతల, కంకర క్వారీ కింద ఉన్న ఒక ఊళ్లో ఆడవాళ్లు పేలుళ్లను లెక్కపెడతారని నాకు మొదట తెలిసింది ఒక విదేశీ యువకుడి వల్ల. నేను నమ్మలేదు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, పసరుతో కామెర్లు తగ్గాయన్నవారినీ, గట్టు మీద కొరివిదెయ్యం కనిపించిందన్నవారినీ కూర్చోబెట్టి, ఎప్పుడు, ఎంత దూరం నుంచి, పక్కన ఎవరున్నారు అని అడిగి రాసుకునేవాణ్ణి. అందువల్ల ఆ చుట్టుపక్కల నన్ను సైన్సు మాస్టారనేవారు. ఇక్కడ కూడా అదే పద్ధతి పాటిస్తాను. చూసింది చూశానని, విన్నది విన్నానని రాస్తాను.

ఆ యువకుడు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాడు. పాతపట్నంలో మా మేడమీది గదిలో ఉండేవాడు. ఊరివాళ్లు అతన్ని తెల్లబాబు అని పిలిచేవారు. చోడి అంబలి తాగడం, నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం త్వరగానే నేర్చుకున్నాడు. ఇక్కడికి రాకముందు వాళ్ల దేశంలోనూ, మరి రెండు దేశాల్లోనూ గని కంపెనీలకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో నడిచాడట. ఆ ఊరి కొండ సగానికి తెగి ఉండటం చూసి, ఇక్కడా అలాంటి పోరాటమే ఉంటుందనుకున్నాడు. ఒక ఆదివారం నన్ను తోడు తీసుకువెళ్లి, కొండను కాపాడాలని మీకు లేదా అని ఆడవాళ్లను అడిగించాడు.

నేను తెలుగు చేసి అడిగాను. కలుపు తీస్తున్న ఒకావిడ నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది.

"కొండ మూసీమంటే మా గుంటలేటి తింతారు? ఆ బాబు పెడతాడేటి కూడు?"

పక్కవాళ్లు నవ్వారు. కొండ మూసేస్తే పిల్లలేం తింటారంటోందని, నేను మాట మార్చకుండా అతనికి చెప్పాను. అతను మరి క్వారీవాళ్లతో మీకు గొడవే లేదా అన్నాడు. ఉంది అన్నారు వాళ్లు. అప్పుడు బయటపడింది లెక్క సంగతి.

ఆ క్వారీలో ఒక అలవాటు ఉండేది. బండలో ఎన్ని కన్నాలు తొలిచి మందు కూరారో, వత్తులు వెలిగించే ముందు మేస్త్రీ అన్నిసార్లు విజిల్ ఊదుతాడు. కింద పొలాల్లో ఉన్న ఆడవాళ్లు చేస్తున్న పని ఆపి నిలబడతారు. ఒక్కో విజిలుకు కొంగుముడిలోంచి ఒక చింతపిక్క గుప్పిట్లోకి తీసుకుంటారు. తర్వాత ఒక్కో పేలుడుకు ఒక్కో పిక్క తిరిగి ముడిలో వేస్తారు. గుప్పిలి ఖాళీ అయితే మళ్లీ పనిలోకి వంగుతారు. పిక్క మిగిలిందంటే మందున్న కన్నం ఒకటి పేలకుండా బండలో ఉండిపోయిందని అర్థం. మర్నాడు దాని పక్కన డ్రిల్లు పెట్టినవాడు బతకడు. అందుకని మిగిలిన పిక్కను పట్టుకుని క్వారీకి వెళ్లి, ఆ కన్నం వెతికి తీసేదాకా మగవాళ్లను పైకి ఎక్కనివ్వరు.

వాళ్లలో అందరికన్నా కచ్చితంగా లెక్కపెట్టేది ఒక యాభై ఏళ్ల మనిషి. ఆమె భర్త అలాంటి కన్నం మీదే పోయాడు. ఈ మాట నిజమా అని నేను ఊళ్లో నలుగురిని విడివిడిగా అడిగాను, నలుగురూ ఒకటే చెప్పారు. ఆమె ఒక్కగానొక్క కొడుకు అదే క్వారీలో ఇప్పుడు డ్రిల్లరు. ముప్పై ఏళ్లవాడు, హాస్యగాడు. కనుబొమల మీద ఎప్పుడూ రాతిపొడి ఉండేది. తల్లి సంగతి ఎత్తితే, "మాయమ్మ సెవులు పోలీసోళ్లకిచ్చీయాల మాస్టారూ, దొంగలందరూ దొరికిపోతారు" అన్నాడు.

వరి పొట్టమీద ఉన్న రోజుల్లో ఒక శనివారం సాయంత్రం పన్నెండు విజిళ్లు ఊదారు. పదకొండు పేలుళ్లు వినిపించాయి. ఆమె గుప్పిట్లో ఒక పిక్క మిగిలింది. అక్కడ ఉన్న మరో ఐదుగురి గుప్పిళ్లలోనూ ఒక్కొక్కటే మిగిలిందన్నారు. మేస్త్రీ మాత్రం రెండు కన్నాలు ఒకేసారి పేలాయని, పన్నెండూ అయిపోయాయని చెప్పాడు. ఆదివారం క్వారీకి సెలవు. సోమవారం పొద్దున ఆ బండ మీదే కొత్త కన్నాలు తొలవాలి. తొలవవలసినవాడు ఆమె కొడుకు.

ఆదివారం ఉదయం తెల్లబాబు నా దగ్గరికి ఫోను తెచ్చాడు. ఊరి చప్పుళ్లను రికార్డు చేసి స్నేహితులకు పంపే సరదా అతనికి ఉండేది. శనివారం పేలుళ్లు కూడా బడి దగ్గర నుంచి రికార్డు చేశాడు. సాక్ష్యం దొరికిందని నాకు సంతోషం కలిగింది. ఆ చప్పుడును కంప్యూటరులో పెట్టి, గీతగా మార్చి చూశాను. పదకొండు శిఖరాలు కనిపించాయి. కొండ నుంచి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనులు వేరుగా, చిన్నగా ఉన్నాయి, వాటిని తీసివేశాను. మొదటి ఆరు శిఖరాలూ ఇంచుమించు ఒకే ఎత్తు. ఏడవది వాటికి దాదాపు రెట్టింపు. రెండు పేలుళ్లు ఒకే క్షణంలో కలిస్తే రావలసిన గుర్తు సరిగ్గా అదే. మేస్త్రీ మాట, నా గీత ఒకదానికొకటి అతికాయి. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉన్నవి కూడా మొదటి ఆరింటికన్నా కొంచెం ఎత్తుగానే ఉన్నాయి. అది చూశాను. కారణం ఆలోచించకుండా వదిలేశాను.

మధ్యాహ్నం ఇద్దరం ఊరికి వెళ్లాం. ఆమె ఇంటి అరుగు మీద పెద్దలు, ఆడవాళ్లు, ఆమె కొడుకు, క్వారీ మేస్త్రీ అందరూ ఉన్నారు. నేను గీత చూపించి వివరించాను. ఆమె ఓపికగా విని తల అడ్డంగా ఆడించింది.

"ఏడోది ఒక్కటే బాబూ. రెండైతే కాలికి తెలుస్తాది. నాను బురదలో నిలబడున్నాను. ఒక్క దెబ్బే వొచ్చింది."

నేల కంపనం గాలిలో చప్పుడుకన్నా ముందే చేరుతుందని, తడినేలలో అది బాగా తెలుస్తుందని నేను తరగతిలో చెప్పే పాఠమే. అయినా, పాదంతో కొలిచినదాన్ని కొలత అనలేమని ఆమెతో అన్నాను. నా గొంతులో వెటకారం ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. తెల్లబాబు మాత్రం ఆమెనే చూస్తూ, ఒక రోజు పని ఆపి వెతికితే ఏం పోతుందని నన్నడిగాడు. అది క్వారీవాళ్లను అడగాలన్నాను.

ఏదో ఒకటి తేల్చి రాసివ్వమని పెద్దలు అడిగారు. నేను రాసిచ్చాను. పదకొండు శబ్దాలు నమోదయ్యాయనీ, ఏడవది రెండు పేలుళ్లు కలిసి వచ్చినది కావడానికి ఎక్కువ అవకాశం ఉందనీ రాసి సంతకం పెట్టాను. మేస్త్రీ సెల్‌ఫోను తీసి ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నాడు. డ్రిల్లరు దాన్ని రెండుసార్లు చదివాడు. అతని భుజాలు కిందికి దిగడం చూశాను.

"సైన్సు మాస్టారే సెప్పినాక ఇంకేటమ్మా" అన్నాడు తల్లితో.

"ఆయన సెవితో ఇన్నాడు. నాను కాలితో ఇన్నాను" అంది ఆమె. "రేపు నువ్వెక్కితే నీ ముందర నానుంటాను."

సోమవారం తెల్లవారేసరికి ఇరవై మందికి పైగా ఆడవాళ్లు క్వారీ బాటకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో జెండాలు లేవు, నినాదాలు లేవు. పన్నెండో కన్నం చూపించి పని మొదలుపెట్టండన్నదే వాళ్ల మాట. తెల్లబాబు వాళ్ల చివర, బాట అంచున కూర్చున్నాడు. ఇలాంటి చోట కూర్చుంటే వీసాకు ఇబ్బంది అవుతుందని చెప్పాను. నాకు తెలుసు అన్నాడు. కిందనుంచి లారీలు వచ్చి ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి బీడీలు ముట్టించారు. కొంతసేపటికి క్వారీ మేనేజరు, అతని వెనక రెండు జీపుల్లో పోలీసులు వచ్చారు.

ఎస్‌ఐ మొదట్లో మర్యాదగానే మాట్లాడాడు. మేనేజరు ఫోనులో నా కాగితం చూపించాడు. ఎస్‌ఐ దాన్ని ఆడవాళ్లందరికీ వినపడేలా చదివి, నన్ను పిలిచాడు.

"ఇది మీరు రాసిందేనా మాస్టారూ?"

నేనే రాశానని, కాని ఎక్కువ అవకాశం ఉందన్నాను తప్ప నిశ్చయంగా అనలేదని చెప్పాను.

"ఎక్కువంటే సాలదా?" అన్నాడు. అతనూ ఈ జిల్లావాడే.

చాలదని అప్పుడే అని ఉండాలి. శాస్త్రంలో ఆ మాట ఎలా వాడతారో వివరించడం మొదలుపెట్టాను. నా వివరణ సగంలో ఉండగా అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత జరిగింది నేను పది గజాల దూరం నుంచి చూశాను. మొదటి లాఠీ ముందు వరుసలో చివరావిడ మోకాలి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. ఆమె అరవలేదు, మోకాలు పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. రెండో దెబ్బ మరొకామె చెవి మీద పడి చెవికమ్మను చీల్చుకుంటూ పోయింది. మెడ వెంట రక్తం రవికెలోకి కారింది. ఒక కానిస్టేబులు డ్రిల్లరు తల్లిని జుట్టుముడి పట్టుకుని లాగాడు. ఆమె బాట మీది కంకరలో మోచేతులు దింపి గట్టిగా ఆనుకుంది. అతను ఈడ్చిన మేర రెండు ఎర్రటి చారలు పడ్డాయి. మరొకడు ఆమె వీపు మీద కొడుతూ ఉన్నాడు. ఐదు దెబ్బల వరకు లెక్కపెట్టాను. తర్వాత తెల్లబాబు నాకూ ఆమెకూ మధ్యకు వచ్చాడు.

అతను ఎవరినీ కొట్టలేదు. లాఠీ కొసను రెండు చేతులతో పట్టుకున్నాడు. రెండోవాడి లాఠీ అతని ముంజేతి మీద దిగింది. చెయ్యి మధ్యలో, వంగకూడని చోట వంగింది. అతన్ని నేల మీద పడేసి బూట్లతో పొత్తికడుపులో తన్నారు. కాలర్ పట్టుకుని జీపులోకి విసిరారు. వాంతి చేసుకుంటున్నాడు. ఆ సమయంలోనే లారీల వెనక నుంచి మగవాళ్లు రాళ్లు విసరడం మొదలుపెట్టారు. క్వారీ బాటలో రాళ్లకు కొదవ ఉండదు. పిడికిలంత కంకర ఒకటి తగిలి ఒక యువ కానిస్టేబులు నుదురు తెరుచుకుంది. అతను కూలబడి, కళ్లలోకి కారుతున్న రక్తాన్ని తుడుచుకుంటూ "అమ్మా" అన్నాడు. రాళ్లు ముందు పడ్డాయని, లాఠీ తర్వాత లేచిందని పోలీసు కాగితాల్లో ఉంది. నేను చూసిన వరుస అది కాదు. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

బాట ఖాళీ అయింది. ఆడవాళ్లను పక్కనున్న తుప్పల్లోకి తోసి, పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. పైన కంప్రెసరు మొదలైంది. తల్లిని పోలీసులు కొడుతున్నప్పుడు డ్రిల్లరు అక్కడ లేడు. మేస్త్రీ అతన్నీ తోటి పనివాళ్లనూ తెల్లవారకముందే అడ్డదారిన పైకి తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. ఆ గొడవంతా వాళ్లకు పైనుంచి కనిపించదు. అంత ఎత్తుకు వినిపించదు కూడా.

నేను ఆమె పక్కన కూర్చుని, నా తువ్వాలుతో ఆమె మోచేతులు కట్టాను. ఆమె నా వైపు చూడలేదు. రెండు పాదాలూ నేలకు ఆనించి కొండకేసి చూస్తోంది. డ్రిల్లు బండలోకి దిగుతున్న చప్పుడు ఒకటే గీతలాగా సాగింది, ఆగింది, మళ్లీ సాగింది. ఎంతసేపు అని గడియారం చూడలేదు. అంతా గడియారం చూసి రాసుకునే నేను ఆ రోజు చూడలేదు.

పేలుడు మామూలుకన్నా చిన్నగానే వినిపించింది. మేమున్న నేల ఒక్కసారి అదిరింది. కంప్రెసరు తిరుగుతూనే ఉంది, డ్రిల్లు చప్పుడు మాత్రం లేదు.

"పన్నెండు" అంది ఆమె.

తర్వాత లేచి పోలీసుల మధ్య నుంచి పరుగెత్తింది. ఈసారి ఎవరూ ఆమెను ఆపలేదు. నేనూ వెళ్లాను. బండ మీద దుమ్ము ఇంకా దిగలేదు. డ్రిల్లు మిషను రెండుగా విరిగి ఒక పక్కన పడి ఉంది. అతను బోర్లా పడి ఉన్నాడు. వెల్లకిలా తిప్పినప్పుడు ముఖం అంతా ఒకే రంగులో ఉంది, కళ్లు ఎక్కడున్నాయో వేలితో వెతకవలసి వచ్చింది. రాతి ముక్కలు చర్మంలో గింజల్లా దిగిపోయాయి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అతను బతికే ఉన్నాడు. తల్లి గొంతు గుర్తుపట్టి, "అమ్మా, లైటెయ్యి" అన్నాడు. అప్పటికి పొద్దు బాగా ఎక్కి ఎండ మా వీపుల మీద కాలుతోంది.

అతన్ని లారీలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. దెబ్బలు తిన్న ఆడవాళ్లను, నుదురు పగిలిన కానిస్టేబులును కూడా అదే వార్డుకు తెచ్చారు. మంచాలు చాలక ఇద్దరేసిని పడుకోబెట్టారు. చెవి తెగినావిడకూ, ఆమెను కొట్టిన లాఠీల గుంపులోని ఆ కుర్రవాడికీ ఒకే నర్సు వరసగా కుట్లు వేసింది. డ్రిల్లరుకు రెండు కళ్లూ పోయాయి. చేతిని మోచేతి దాకా తీసేశారు.

తెల్లబాబు చేతికి కట్టు వేయించి వదిలిపెట్టారు. వీసా నిబంధనలకు విరుద్ధంగా ఆందోళనలో పాల్గొన్నందుకు దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది. సామాను సర్దుకుంటున్నప్పుడు నేను పైకి వెళ్లాను. రికార్డు చేసినప్పుడు ఎక్కడ నిలబడ్డావని అడిగాను. అది ఆదివారం ఉదయమే అడగవలసిన ప్రశ్న. కొరివిదెయ్యం చూసినవాణ్ణయినా మొదట అదే అడిగేవాణ్ణి.

మొదట బడి గోడ వెనక ఉన్నానన్నాడు. రాళ్లు ఎగిరి వస్తాయేమోనని భయపడ్డాడట. మధ్యలో ధైర్యం వచ్చి, ఫోను ముందుకు చాచి గోడ దాటి వచ్చాడు.

"ఎన్నో పేలుడు దగ్గర?"

అతను కళ్లు మూసుకుని వేళ్లు ముడిచాడు. ఆరు అయ్యాక అన్నాడు. ఏడోదానికి ఉలిక్కిపడి, ఫోను వెనక్కి లాక్కుని మళ్లీ సగం గోడ చాటుకు జరిగాడట.

ఏడవ శిఖరం ఎత్తుకు కారణం అదే. తర్వాతివి కూడా మొదటి ఆరింటికన్నా ఎత్తుగా ఉండటానికి కారణం అదే. రెండు కన్నాలు కలిసి పేలలేదు. ఒక మనిషి గోడ చాటు నుంచి బయటికి వచ్చాడు. గీతను నేను ఎంతో శ్రద్ధగా చదివాను. గీసినవాణ్ణి ఒక్క మాట అడగలేదు. అతను తెల్లవాడు, చదువుకున్నవాడు, చేతిలో యంత్రం ఉన్నవాడు కాబట్టి అడగలేదేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఈ ఊహను రుజువు చేసే సాధనం నా దగ్గర లేదు.

నేను చెప్పింది అర్థమయ్యాక అతను మంచం మీద కూర్చుని ఏడ్చాడు. తప్పు నీది కాదన్నాను. అది నిజమే. అందులో ఓదార్పు ఏమీ లేకపోయింది, ఇద్దరికీ.

కొన్ని వారాల తర్వాత మండల కార్యాలయంలో విచారణ జరిగింది. క్వారీవాళ్లు ముందే ఒక వాదన సిద్ధం చేసుకున్నారు. పాత కన్నంలో డ్రిల్లు పెట్టకూడదన్న నియమాన్ని డ్రిల్లరు నిర్లక్ష్యంగా ఉల్లంఘించాడని, ప్రమాదానికి అతనే బాధ్యుడని రాశారు. అది నిలబడితే కళ్లు పోగొట్టుకున్నవాడే నేరస్థుడవుతాడు. తల్లి మా ఇంటికి వచ్చింది. కర్ర ఊతంతో నడుస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు. నువ్వు రాసిందానికి నువ్వే సాక్ష్యం చెప్పాలంది. నేను అప్పటికే మూడు పేజీలు రాసి ఉంచాను. గోడ సంగతి, శిఖరాల కొలతలు, ప్రత్యామ్నాయ వివరణను పరిశీలించకపోవడం, అన్నీ క్రమంగా అందులో ఉన్నాయి. చదివి వినిపించాను. రెండో పేజీ మధ్యలో ఆపింది.

"అంత పొడుగేల బాబూ? ఆళ్లు మొదటి ముక్కే సదుతారు. నా కొడుకు నీ కాయితం సూసి ఎక్కినాడని రాయి. నువ్వు రాసింది తప్పని రాయి."

తప్పు కావడానికి అవకాశం అని కాకుండా తప్పు అనే రాశాను. ఆ రెండు వాక్యాలూ పైన పెట్టి, కొలతలను కిందికి నెట్టాను.

విచారణాధికారి చదివి, ఇది మీ ఉద్యోగానికి ఇబ్బంది తేవచ్చునని హెచ్చరించాడు. తెచ్చింది. అది ఇక్కడ ముఖ్యం కాదు. నన్ను మేనేజరు తరఫు వకీలు గంటసేపు ప్రశ్నించాడు. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి చెప్పేవాడి మాటకు విలువేమిటని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. గోడను వచ్చి చూడమన్నాను. అధికారి నిజంగానే వచ్చాడు. ఫోనుతో గోడ వెనక ఒకసారి, బయట ఒకసారి నిలబడి క్వారీ పేలుళ్లు రికార్డు చేయించాను. గీతలు పక్కపక్కన పెట్టాక అతను వాటిని విచారణ కాగితాలకు జతచేయించాడు.

నివేదికలో డ్రిల్లరు నిర్లక్ష్యం అన్న వాక్యం లేదు. లెక్క సరిచూడకుండా పని మొదలుపెట్టించినందుకు మేస్త్రీని, మేనేజరును బాధ్యులుగా రాశారు. లాఠీల గురించి ఒక్క మాటా లేదు. ఆడవాళ్ల మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తోంది. నేను సాక్షిగా వెళుతూనే ఉన్నాను.

నివేదిక నకలు తీసుకుని ఊరికి వెళ్లాను. డ్రిల్లరు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మిగిలిన చేత్తో తల్లి ఇచ్చిన గ్లాసు పట్టుకున్నాడు. ఎవరో వచ్చిన అలికిడికి ముఖం తిప్పాడు. నేనని చెప్పాను. చదవమన్నాడు. మొత్తం చదివాను, నా పేరు ఉన్న పేరాతో సహా. ఒకచోట ఆపి, ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు. ప్రమాదంలో అతని తప్పు లేదన్న వాక్యం అది. రెండోసారి చదివాను. గ్లాసులో ఉన్నది తాగేసి, తల్లి చెయ్యి ఎక్కడుందో తడుముకుని అందించాడు.

"సరే మాస్టారూ" అన్నాడు. "ఇంక ఎల్లండి."